పాతికేళ్ల మోకాలికి... అరవై ఏళ్ల ప్లాన్!

మోకాళ్ల నొప్పులంటే అమ్మమ్మల జబ్బనీ, నూనె రాసుకుని పడుకునే వయసులో వచ్చేదనీ అనుకుంటాం. కానీ అరవైలో మోకాలు ఎలా ఉంటుందన్నది చాలావరకు ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లలో మనం చేసే పనుల మీదే ఆధారపడి ఉంటుంది. అసలు ఈ అరుగుదల ఏంటి, ఎందుకొస్తుంది, ఇప్పటినుంచే ఏం చేస్తే వెనక్కి నెట్టొచ్చు?

సైనా నెహ్వాల్ గుర్తుందిగా! 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి. అదే ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదీయే. 2024లో ఆయన పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ సైనా ఒక సంగతి బయటపెట్టింది. తన మోకాలికి ఆర్థరైటిస్ వచ్చిందనీ, లోపలి మృదులాస్థి బాగా దెబ్బతిందనీ, ఇక రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ప్రాక్టీస్ చేయడం చాలా కష్టమనీ చెప్పింది. అప్పటికి ఆమె వయసు 34. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2016లో, మోకాలి గాయంతోనే రియో ఒలింపిక్స్ ఆడింది. తర్వాత ఆపరేషన్ చేయించుకుంది.

చిన్నప్పటినుంచి గంటలకొద్దీ కోర్టులో గెంతుతూ, ఒక్కసారిగా ఆగుతూ, తిరుగుతూ ఆడిన మోకాలి కథ వేరు. మనలో చాలామందిమి అంత ఆడం. అయినా మన ఇళ్లలో అమ్మానాన్నల మోకాళ్లు మాత్రం యాభై దాటకుండానే మొరాయిస్తున్నాయి. మరి వాళ్లేం బ్యాడ్మింటన్ ఆడారని? అసలు విషయం అక్కడే ఉంది.

ఒక్కరి సమస్య కాదిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 52.8 కోట్ల మంది ఆస్టియోఆర్థరైటిస్‌తో బతుకుతున్నారు. వాళ్లలో 60 శాతం ఆడవాళ్లే. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే కీలు మోకాలు. 36.5 కోట్ల మందికి అక్కడే బాధ. తర్వాతి స్థానాలు తుంటికీ, చేతి వేళ్లకూ.

మన దేశంలో వేర్వేరు ప్రాంతాల్లో జనాన్ని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 28.7 శాతం మందిలో మోకాలి అరుగుదల కనిపించింది. అంటే వంద మందిలో దాదాపు 29 మంది! ఇక్కడో తీసివేత కూడా ఉంది. ప్రపంచ లెక్కల్లో 73 శాతం మంది 55 దాటినవాళ్లు. మరి మిగతా 27 శాతం? వాళ్లంతా అంతకంటే చిన్నవాళ్లేగా.

గుజ్జు అంటే అసలేంటి?

"మోకాళ్లలో గుజ్జు అయిపోయిందట" అనే మాట వినని తెలుగిల్లు ఉండదేమో. ఈ గుజ్జు అనే మాటలో మనం రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తుంటాం.

మొదటిది మృదులాస్థి. తొడ ఎముక చివరా, దాని కింది కాలి ఎముక పైనా, మోకాలి చిప్ప వెనకా నున్నగా, తెల్లగా పరుచుకుని ఉండే పొర ఇది. మందం కొన్ని మిల్లీమీటర్లే. ఎముకా ఎముకా రాసుకోకుండా చూసేది ఇదే. రెండోది కీలు లోపల ఉండే జిగట ద్రవం. ఇంజిన్‌లో ఆయిల్ లాంటిది. ఈ రెండూ కాక, మధ్యలో అర్ధచంద్రాకారంలో రెండు మెత్తలుంటాయి. కుదుపుల్ని పీల్చుకోవడం వాటి పని.

మృదులాస్థిలో ఒక విచిత్రం ఉంది. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేవు కాబట్టి అది కొంత పాడైనా మనకు తెలీదు. నొప్పి మొదలయ్యేసరికి చుట్టుపక్కల ఎముక, కీలు పొర కూడా దెబ్బతినడం మొదలై ఉంటుంది. రక్తనాళాలు లేవు కాబట్టి చర్మం మీద గాయం మానినట్టు అది మానదు.

మరి రక్తం అందకపోతే తిండెలా? స్పాంజి గుర్తు తెచ్చుకోండి. నొక్కితే నీళ్లు బయటికొస్తాయి, వదిలితే మళ్లీ పీల్చుకుంటుంది. మనం అడుగు వేసినప్పుడు మృదులాస్థి నలుగుతుంది, అడుగు ఎత్తినప్పుడు కీలు ద్రవంలోంచి పోషకాల్ని లాక్కుంటుంది. అంటే కదలికే దానికి భోజనం. రోజంతా కుర్చీలో కూర్చుంటే మోకాలికి విశ్రాంతి ఇస్తున్నామని మనం అనుకుంటాం, నిజానికి దాన్ని పస్తు పెడుతున్నట్టు!

ఇంకో అపోహ కూడా పోవాలి. ఇది కారు టైరు అరిగినట్టు అరిగిపోవడం కాదు. టైరుకు ప్రాణం లేదు, ఎంత తిప్పితే అంత అరుగుతుంది. కీలు ప్రాణమున్న అవయవం. వాడితే బలపడుతుంది. అతిగా వాడినా, అసలు వాడకపోయినా, గాయపడినా, మోయలేనంత బరువు మోసినా చెడుతుంది. దానికితోడు లోపల సన్నగా వాపు రగులుతూ ఉంటుంది. ఎముక అంచుల్లో చిన్న చిన్న కొమ్ముల్లా పెరుగుతాయి, పైపొర ఉబ్బుతుంది, తొడ కండరం సన్నబడుతుంది. కీలు మొత్తం పాల్గొనే జబ్బు ఇది.

ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ?

వయసు, వంశపారంపర్యం, ఆడవాళ్లుగా పుట్టడం... ఈ మూడూ మన చేతుల్లో లేవు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయే వయసు దాటాక ముప్పు బాగా పెరుగుతుంది.

మన చేతుల్లో ఉన్నవి నాలుగు: బరువు, పాత గాయాలు, కండరాల బలం, పనిచేసే తీరు.

పనిచేసే తీరు అంటే? గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడం, మోకాళ్ల మీద నిలబడి పనిచేయడం, అలా వంగి లేస్తూ బరువులెత్తడం. టైల్స్ వేసే మేస్త్రీలు, మూటలు మోసే హమాలీలు, పొలం పనికెళ్లే ఆడవాళ్లు ఈ జాబితాలో ముందుంటారు. బీజింగ్‌లో పెద్దవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనంలో "మీకు 25 ఏళ్లున్నప్పుడు రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవాళ్లు?" అని అడిగారు. మూడు గంటలకు పైగా అన్నవాళ్లలో మోకాలి అరుగుదల స్పష్టంగా ఎక్కువ కనిపించింది. పాతికేళ్లప్పటి అలవాటు అరవై దాటాక ఎక్స్‌రేలో తేలిందన్నమాట.

అలాగని నేల మీద కూర్చోవడమే తప్పని కాదు. భోజనానికి పావుగంట బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్న మోకాలికి ఏమీ కాదు. గంటలు గంటలు, ఏళ్ల తరబడి అదే భంగిమలో ఉండటమే సమస్య.

ఒక కిలో = నాలుగు కిలోలు

ఇప్పుడు కాస్త లెక్కలు. 2005లో అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న, బరువెక్కువున్న పెద్దవాళ్లను నడిపించి కొలిచారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతోందని తేలింది. అంటే 5 కిలోలు తగ్గితే అడుగుకు 20 కిలోలు! రోజుకు 5,000 అడుగులు వేస్తారనుకుంటే, రెండు కాళ్లకూ కలిపి ఒక్క రోజులో లక్ష కిలోల భారం తప్పినట్టు.

ముందే జాగ్రత్తపడితే జబ్బు రాకుండా ఆగుతుందా? దీనికీ జవాబుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా జరుగుతున్న అధ్యయనంలో, పదేళ్లలో సుమారు 5 కిలోలు తగ్గిన మహిళల్లో నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. 1992లో వచ్చిన ఫలితమిది. వాళ్లేం సినిమా హీరోయిన్లలా చిక్కిపోలేదు. పదేళ్లకు అయిదు కిలోలు, అంతే.

మన దగ్గరి పరిస్థితి చూస్తే కొంచెం గుబులుగానే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24 శాతమే. రెండు రాష్ట్రాలూ సగటును దాటేశాయి.

మీ లెక్క చూసుకోండి. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకు 59 కిలోలు మొదటి గీత, 64 కిలోలు రెండో గీత. క్రాష్ డైట్‌లు అక్కర్లేదు. కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, కూర, పెరుగు పెంచడం, సాయంత్రం బజ్జీలు, కూల్‌డ్రింకులు వారానికి ఒకసారికి పరిమితం చేయడం... ఇలాంటివే ఎక్కువ కాలం నిలబడతాయి. మాంసకృత్తులు తగ్గిస్తే కొవ్వుతోపాటు కండరమూ పోతుంది, అది మోకాలికి ఇంకా నష్టం.

ఈమధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు కదా. ఊబకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్న 407 మంది మీద సెమాగ్లుటైడ్‌ను 68 వారాలపాటు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్నవాళ్ల బరువు సగటున 13.7 శాతం తగ్గింది, మోకాలి నొప్పి కూడా ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకంటే ఎక్కువగా తగ్గింది. అయితే ఇది డాక్టర్ పర్యవేక్షణలో, ఊబకాయం ఉన్నవాళ్లకు ఇచ్చే మందు. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గడానికి కాదు.

ఆట మంచిదే... గాయాన్ని వదిలేయడమే చెడ్డది

ఆఫీసు అయ్యాక ఫ్రెండ్స్‌తో బాక్స్ క్రికెట్, ఆదివారం షటిల్, పండగకి ఊళ్లో కబడ్డీ. వారమంతా కుర్చీకి అతుక్కుపోయిన కాళ్లతో ఒక్కసారిగా టర్ఫ్ మీదికి దూకుతాం. గెంతి దిగుతూనో, పరుగెడుతూ గిర్రున తిరుగుతూనో ఉండగా మోకాలిలో "టప్" మంటుంది. కొద్ది గంటల్లో వాపు. నాలుగు రోజులకు వాపు దిగిపోతుంది, "బెణికిందిలే" అనుకుని వదిలేస్తాం. మెట్లు దిగేటప్పుడు మోకాలు పక్కకు జారినట్టవుతుంది, అదీ అలవాటైపోతుంది.

అది చాలాసార్లు బెణుకు కాదు. ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడమో, లోపలి మెత్త చిరగడమో అయ్యుంటుంది. ఇలాంటి గాయమైనవాళ్లలో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో ఆ మోకాలిలో అరుగుదల వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే 20 ఏళ్లకు పడినవాళ్లకు 30-40 ఏళ్లకే! ఆపరేషన్ చేయించుకున్నా ఈ ముప్పు పూర్తిగా పోదు. అందుకే గాయం కాకుండా చూసుకోవడం, అయితే కండరాల బలం పూర్తిగా తిరిగొచ్చేదాకా ఫిజియోథెరపీ మానకపోవడం, రెండూ ముఖ్యమే.

గాయాల్ని తప్పించే మార్గం ఖరీదైనదేం కాదు. ఫుట్‌బాల్ కోసం ఫిఫా తయారుచేయించిన "11+" అనే 20 నిమిషాల వార్మప్ ఉంది. మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మెత్తగా దిగడం, తొడ వెనక కండరాల వ్యాయామాలు, అంతే. దీన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. వీడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గెంతి దిగేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు, కొంచెం వంగి ఉండాలి, పాదాలు చప్పుడు చేయకుండా దిగాలి.

పరుగు, మెట్లు, మెటికలు

"రన్నింగ్ చేస్తే మోకాళ్లు పోతాయట!" ఈ మాట జిమ్‌లోనూ వినిపిస్తుంది, ఇంట్లోనూ వినిపిస్తుంది. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తుంటి, మోకాలి అరుగుదల సరదాకి పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరుగెత్తని, కూర్చునే జీవితం గడిపేవాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం కనిపించింది. కాబట్టి ఉదయం పార్కులో నాలుగు కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లు భయపడక్కర్లేదు. దూరాన్ని ఒక్కసారిగా పెంచకుండా, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటే చాలు.

మెట్ల సంగతి వేరు. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్ల దాకా భారం పడుతుంది, దిగేటప్పుడు ఇంకా ఎక్కువే. తిరుమలకు అలిపిరి దారిలో నడిచినవాళ్లకు ఇది బాగా తెలుసు. 3,550 మెట్లు! ఆ దారిలో నిటారుగా ఉండే ఒక చోటికి మోకాళ్ల పర్వతం అనే పేరే ఉంది. కొందరు భక్తులు అక్కడ మోకాళ్ల మీద ఎక్కుతారు కూడా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మెట్లెక్కడం మంచి వ్యాయామమే. కానీ మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేముందు నెల రోజులైనా ఇంటి దగ్గర మెట్లెక్కి అలవాటు చేసుకోండి. అప్పటికే మోకాలి నొప్పి ఉన్న అమ్మానాన్నలైతే దిగేటప్పుడు బస్సులో దిగడం మేలు.

ఇక మెటికలు విరవడం. "కీళ్లు అరిగిపోతాయ్, మానేయ్!" అని తిట్లు తిననివాళ్లు ఎవరు? అమెరికాకు చెందిన డాక్టర్ డొనాల్డ్ ఉంగర్‌కీ ఇదే అనుభవం. ఆయన మొండివాడు. 50 ఏళ్లకు పైగా రోజూ ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, కుడిచేతిని వదిలేశాడు. చివరికి రెండు చేతులూ పోల్చి చూస్తే ఎందులోనూ ఆర్థరైటిస్ లేదు. దీనికి 2009లో, నవ్విస్తూ ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క మనిషి మీద ప్రయోగం కాబట్టి దీన్నే తుది తీర్పు అనలేం. అయితే ఆ చప్పుడు ఎముకలది కాదు, కీలు ద్రవంలోని గాలి బుడగలది. నొప్పి, వాపు లేనంతవరకు మోకాలు టకటకమన్నా కంగారు పడనవసరం లేదు.

ఇంట్లోనే అయిదు వ్యాయామాలు

మోకాలికి అసలైన షాకబ్జార్బర్ తొడ ముందు కండరం. అది బలంగా ఉంటే కీలు మీద పడే కుదుపును అదే కాస్తుంది. జిమ్ అక్కర్లేదు, ఒక కుర్చీ, ఒక మెట్టు, ఒక తువ్వాలు చాలు.

1. తువ్వాలు నొక్కడం: కాలు చాపి కూర్చుని, మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. తొడ బిగించి తువ్వాల్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచండి. పదిసార్లు.

2. కాలు ఎత్తడం: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి. రెండో కాలు నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి, మెల్లగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు.

3. కుర్చీలోంచి లేవడం: చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీ పట్టుకోకుండా లేచి, మళ్లీ మెల్లగా కూర్చోండి. పదిసార్లు. చేయలేకపోతున్నారంటే తొడలు బలహీనంగా ఉన్నాయనే. ముందు ఎత్తు కుర్చీతో మొదలుపెట్టండి.

4. నడుము ఎత్తడం: వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడిచి, పిరుదులు బిగించి నడుము పైకెత్తండి. 5 సెకన్లు ఆపి దించండి. పదిసార్లు.

5. మెట్టెక్కి దిగడం: ఒకే మెట్టు మీదికి ఒక కాలితో ఎక్కి, అదే కాలి మీద అదుపుగా దిగండి. ఒక్కో కాలికి పదిసార్లు.

ఇవన్నీ రెండు మూడు విడతలుగా, వారానికి రెండు మూడు రోజులు చేయండి. దీనికితోడు వారానికి 150 నిమిషాల చురుకైన నడకో, సైక్లింగో, ఈతో ఉండాలి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పేదే. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం కూడా అలవాటు చేసుకోండి. నిలకడ పెరుగుతుంది.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు. మర్నాటికల్లా అది మామూలు స్థితికి రావాలి. రాకపోతే ఎక్కువ చేసినట్టే, తగ్గించండి. మానకండి.

ఇంకోమాట. రోజంతా ల్యాప్‌టాప్ ముందు ఉండేవాళ్లు గంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. ఫోన్ మాట్లాడేటప్పుడు కూర్చోవద్దని నియమం పెట్టుకున్నా చాలు.

ప్రతి కీళ్ల నొప్పీ ఇదే కాదు

అరుగుదల నొప్పి ఎలా ఉంటుందంటే... నడిస్తే, మెట్లెక్కితే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున లేవగానే కీలు పట్టేసినట్టుంటుంది గానీ అరగంటలోపే వదులుతుంది. 45 దాటినవాళ్లలో ఈ లక్షణాలుంటే స్కానింగ్ లేకుండానే డాక్టర్లు గుర్తుపట్టగలరు. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపిస్తున్నా నొప్పే లేనివాళ్లుంటారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పితో విలవిల్లాడేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఫిల్మ్ చూసి బెంబేలెత్తొద్దు.

పొద్దున బిగుతు గంట దాటినా, రెండు చేతుల వేళ్లూ మణికట్లూ కలిసి వాచినా అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. అది పాతికేళ్లవాళ్లకూ వస్తుంది, మందులు త్వరగా మొదలుపెడితేనే కీళ్లు దక్కుతాయి. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా భరించలేకపోతే యూరిక్ యాసిడ్ అనుమానించాలి. జ్వరంతోపాటు ఒక్క కీలు వేడెక్కి వాచినా, మోకాలు మడతలోనే ఇరుక్కుపోయినా, కాలు కింద పెట్టలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బు పోసే ముందు ఆగండి

మోకాళ్ల నొప్పుల చుట్టూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. యూట్యూబ్ తెరిస్తే నూనెలు, పొడులు, "గుజ్జు మళ్లీ పుట్టించే" క్యాప్సూల్స్. అమ్మ కోసం ఆర్డర్ పెట్టేముందు ఇవి తెలుసుకోండి.

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు: 1,583 మంది మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకూ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

గుజ్జు ఇంజెక్షన్: హయలురోనిక్ యాసిడ్‌ను మోకాలిలోకి ఎక్కించడాన్నే మన దగ్గర ఇలా పిలుస్తారు. ఇది మృదులాస్థిని తిరిగి పెంచదు. అధ్యయనాలన్నీ కలిపి 2022లో చూస్తే నొప్పి తగ్గింది గానీ, రోగికి తెలిసేంత ప్రయోజనం లేదని తేలింది.

పీఆర్పీ: మన రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాలిలోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో ఏడాది తర్వాత చూస్తే ఉప్పునీటి ఇంజెక్షన్‌కూ దీనికీ నొప్పిలో తేడా లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్: బాగా వాచి నొప్పిగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూస్తే మాత్రం మృదులాస్థి మరింత పలచబడింది.

దూర్బిణీతో శుభ్రం చేయించుకోవడం: 2002లో అమెరికాలో 180 మంది మీద ధైర్యంగా ఒక పరీక్ష చేశారు. కొందరికి నిజంగా కీలు లోపల శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు, అంతే. రెండేళ్ల తర్వాత రెండు గుంపులకూ నొప్పి ఒకేలా ఉంది!

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు: నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ముప్పు, బీపీ పెరగడం ఖాయంగా ఆలోచించాల్సిన విషయాలు. మోకాలికైతే ముందు డైక్లోఫెనాక్ జెల్ లాంటి పైపూతలు వాడి చూడాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడి వేసుకోగానే రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపి ఇవ్వడం ఉంది. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది.

అమ్మ మోకాళ్ల సంగతి

"అమ్మా, రోజూ కాసేపు నడువమ్మా."

"ఏం నడకరా నాయనా, పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉన్నాగా! ఇంకా నడిస్తే ఉన్న గుజ్జు కూడా పోతుందిట."

ఈ సంభాషణ మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. వంటింటికీ హాలుకీ మధ్య తిరగడం అలసట ఇస్తుంది గానీ తొడలకు బలం ఇవ్వదు. నడిస్తే గుజ్జు పోతుందన్న భయానికి కూడా జవాబుంది. మోకాలి అరుగుదల ఉన్న, 50 దాటిన 1,212 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2022లో ప్రచురించారు. వ్యాయామంగా నడిచినవాళ్లలో 26 శాతం మందికి, నడవనివాళ్లలో 37 శాతం మందికి కొత్తగా తరచూ నొప్పి మొదలైంది. నడిచినవాళ్లే మెరుగు.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన ఒక పథకంలో ఇలాంటివాళ్లకు జబ్బు గురించి పాఠాలు చెప్పి, ఫిజియోథెరపిస్టుల దగ్గర పన్నెండుసార్లు వ్యాయామం చేయిస్తారు. అది ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. మన దగ్గర అలాంటిది ఇంటి పక్కనే దొరకకపోతే ఆ పని మీరు చేయొచ్చు. పై అయిదు వ్యాయామాలూ అమ్మతో కలిసి చేయండి. "చెయ్యమ్మా" అని చెప్పి ఫోన్ చూసుకుంటే ఆమె చేయదు.

ఇంట్లో చిన్న మార్పులు కూడా చూడండి. కత్తిపీట ముందు కింద కూర్చునే బదులు బల్ల మీద కూరలు తరగడం, పూజకు పీట బదులు చిన్న కుర్చీ, వెస్టర్న్ కమోడ్, దాని పక్కన గోడకి పట్టుకునే కడ్డీ, చదునైన మెత్తటి చెప్పులు. చేతికర్ర వాడాల్సి వస్తే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు.

ఆపరేషన్ ఎప్పుడు?

వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు 2000, 2001 సంవత్సరాల్లో ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో రెండు మోకాళ్లూ మార్పించుకున్నారు. ఆ తర్వాతే మోకీలు మార్పిడి అన్న మాట మన ఊళ్లలోనూ బాగా వినిపించింది. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. సగటున లక్షా 58 వేలకు పైగా అమ్మిన కోబాల్ట్ క్రోమియం రకం అప్పట్లో 54,720 రూపాయలకు దిగింది. పన్ను అదనం. అది పరికరం ధర మాత్రమే, ఆసుపత్రి ఖర్చు వేరు.

వ్యాయామం, బరువు తగ్గడం, మందులు కొన్ని నెలలు నిజాయతీగా ప్రయత్నించినా నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, ఇంట్లోంచి కదలలేకపోతే అప్పుడు ఆపరేషన్ మంచి దారే. వందలో 82 కృత్రిమ మోకీళ్లు 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో ఒక విశ్లేషణ చెప్పింది. అందుకే 65 ఏళ్లకు మార్పించుకుంటే చాలామందికి జీవితాంతం సరిపోతుంది. 45కే మార్పించుకుంటే మళ్లీ ఇంకోసారి చేయించుకోవాల్సి రావచ్చు. ఆ ఇరవై ఏళ్లూ సంపాదించుకోవడం కోసమే ఇప్పటి జాగ్రత్త.

ఇప్పుడే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఫోన్ పక్కన పెట్టి, కూర్చున్న చోటినుంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. సులువుగా అయిపోయిందా? ఈ సాయంత్రం అమ్మతోనూ చేయించండి. కష్టమైందా? పైకి వెళ్లి మూడో వ్యాయామం మళ్లీ చదవండి, రేపు పొద్దుననుంచి మొదలు!